తొట్టిలో తగ్గని నీళ్ళు

భారతి కరివేపాకు కుండీలో పూడ్చిపెట్టిన రొయ్యల్నీ, తొట్టిలో ఇంకా తిరుగుతున్న రొయ్యల్నీ కలిపితే, అసలు తనకు అప్పజెప్పిన రొయ్యలకంటే ఎక్కువ తేలుతున్నాయి.

మొదట తన లెక్కే తప్పనుకుంది. ఆమె గొర్రెలవాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్ల. సాయంత్రం మంద దొడ్లోకి పోతుంటే వాకిట్లో నిలబడి జతలు జతలుగా లెక్కపెట్టడం బడిలో ఎక్కాలకంటే ముందే వచ్చింది. కానీ రొయ్యలు వాకిలి దాటి పోవు. ఒకటి నాచులో దూరుతుంది. ఇంకొకటి రాయి కిందనుంచి వెనక్కి గెంతుతుంది. లెక్కపెట్టేసిందే మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడి, నన్ను లెక్కపెట్టలేదా అన్నట్టు మీసాలు ఆడిస్తుంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా బతికినవి బతికినట్టే ఉన్నాయి. మరి కుండీలో ఉన్నవి ఎవరివి?

ఆ తొట్టి ఆమెది కాదు. ప్రొద్దుటూరులో పెద్దమ్మ సుంకులమ్మ ఇంట్లోది. పెద్దమ్మ కొడుకు ఉదయ్ కుమార్ ఇడుపులపాయలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వేసవి సెలవుల్లో ఇంటికొచ్చి, ముందుగదిలో టీవీ పక్కన ఈ గాజు తొట్టి పెట్టి, ఇసుక పరిచి, నాచు అమర్చి, గోరంత పొడుగు కూడా లేని ఎర్ర రొయ్యల్ని తెచ్చి వదిలాడు. సెలవులు అయిపోయాయి. హాస్టల్లో తొట్టి పెట్టుకోనివ్వరు. సరిగ్గా అదే వారం భారతి ఇంటర్లో చేరడానికి, పులివెందుల అవతలి పల్లెనుంచి బట్టల సంచితో ఆ ఇంట్లో దిగింది.

“భారతీ, వీటిని నువ్వే చూసుకోవల్ల. మాయమ్మకు అప్పజెప్తే పప్పన్నం కలిపి పెడతాది,” అన్నాడు ఉదయ్, బ్యాగు సర్దుకుంటూ. “నీళ్ళు తగ్గితే బోరు నీళ్ళు ప్లాస్టిక్ బక్కెట్లో పట్టి, ఒక రోజు అట్లనే పెట్టి పోయి. పాలకూర ఆకు ఉడకబెట్టి చిన్న ముక్క వెయ్యి. అంతే. ఇంకేం చెయ్యొద్దు. దసరాకొస్తా.” వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ మళ్ళీ అన్నాడు. “నీతో కాకపోతే చెప్పు. షాహిద్‌కు ఇచ్చేద్దాం. వాని అంగట్లో పెట్టుకుంటాడు.”

భారతి తల ఊపింది. అవుతుందనో కాదనో అతనికి అర్థమైందో లేదో తెలియదు.

ఆమె మాట్లాడేదే తక్కువ. నోరు తెరిస్తే పళ్ళు కనిపిస్తాయి. వాళ్ళ ఊరి బోరు నీళ్ళు తాగి పెరిగిన పిల్లలందరికీ ఉన్నట్టే, ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఊళ్ళో అందరికీ ఉన్నాయి కాబట్టి ఎవరికీ కనపడవు. ప్రొద్దుటూరు కాలేజీలో మొదటిరోజే కనపడ్డాయి. వెనక బెంచీలో ఎవరో “గుట్కా తింటాదేమో మే” అన్నారు. అప్పటినుంచి నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. తొట్టి ముందు ఆ అవసరం లేదు. కాలేజీనుంచి రాగానే సంచి కింద పడేసి, గాజుకు ముక్కు ఆనించి కూర్చునేది. రొయ్యలు నాచు మీద కూర్చుని రెండు చేతులతో దేన్నో ఏరి ఏరి నోట్లో పెట్టుకునేవి, పెద్దమ్మ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. వాటికీ మాటల్లేవు, ఆమెకూ పెద్దగా లేవు. ఆ ఇంట్లో ఆమెకు తీరిగ్గా అనిపించే చోటు అదొక్కటే. అది కూడా షాహిద్ అంగడికి పోతే ఇంక ఎక్కడ కూర్చోవాలి?

అందుకే రొయ్య చచ్చిందని ఎవరికీ చెప్పకుండా పూడ్చిపెట్టింది. తెల్లగా, పల్చగా, తల మీసం అన్నీ ఉన్నట్టే ఇసుక మీద పడి ఉంటే, చెంచాతో తీసి కుండీలో కప్పెట్టింది. రెండు రోజులకు ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. లెక్క ఎక్కడా కుదరక, చివరికి క్లాసులో పక్కన కూర్చునే ఆర్షియాను అడిగింది. ఆర్షియా షాహిద్‌కు చెల్లెలు. రంగు చేపలు అమ్మే అంగడి వాళ్ళదే.

ఆర్షియా అంతా విని బెంచీ మీద తల పెట్టుకుని నవ్వింది.

“మే, అవి రొయ్యలు కావు, కుబుసాలు. పాము విడిచినట్ల విడుస్తాయి. పెరగల్లంటే పాత చొక్కా విప్పల్ల కదా. నువ్వు చొక్కాలకు గోరీలు కడతాండావా?”

“మీసాలు కూడా ఉన్నాయి…”

“మీసాలకు కూడా చొక్కా ఉంటాది వాటికి. మళ్ళా తియ్యొద్దు, అట్లనే వదిలెయ్యి. అవే తింటాయి.”

భారతికి సిగ్గు, సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ సాయంత్రం ఇంకొక సంతోషం కూడా ఎదురైంది. అన్నిటికంటే పెద్ద ఆడ రొయ్య కడుపు కింద గుడ్లు కనపడ్డాయి. ఆవగింజలకంటే చిన్నవి, పసుపుపచ్చవి, గుత్తిగా. అది వాటికి కాళ్ళతో విసురుతూ, ఏ పనీ లేనట్టు నాచులో నెమ్మదిగా తిరుగుతోంది. ఫోనులో చెప్తే ఉదయ్ గొంతు మారిపోయింది.

“నిజంగానా? నెల లోపల పిల్లలొస్తాయి చూడు. దాన్ని కదిలించొద్దు భారతీ. అదుంటే చాలు.”

లారీ దిగి వచ్చిన పెదనాన్న చిన్నసుబ్బయ్యకు కూడా చూపించింది. ఆయన ఎర్రగుంట్లనుంచి సిమెంటు తోలుతాడు, వారానికోసారి ఇంటి ముఖం చూస్తాడు. వంగి చూసి, “ఇవి తాళింపుకు కూడా చాలవే. వీటికి మళ్ళా కాన్పులా?” అని స్నానానికి పోయాడు.

ఆ తర్వాతే నిజంగా చావడం మొదలైంది.

ఈసారి కుబుసం కాదు. కుబుసం గాలికి పోయే కాగితంలా ఉంటుంది. ఇది బరువుగా, ఉడికించిన రొయ్య రంగులో, పక్కకు ఒరిగి పడి ఉంది. చెంచాతో తీస్తే నీచు వాసన కొట్టింది. నిన్నటిదాకా చచ్చాయనుకున్నవి చావలేదు. ఈరోజు చావలేదులే అనుకోవడానికి లేదు. రెండు రోజులు గడిచాయో లేదో ఇంకొకటి ఒరిగింది. గాజుకు అంటుకుని ఉండే నత్త మూత బిగించుకుని కింద పడింది, మళ్ళీ పైకి ఎక్కలేదు.

తన చేతుల్లోనే ఏదో ఉందనుకుంది. సబ్బు మానేసి ఉత్త నీళ్ళతో కడుక్కుని ఆకు ముక్క వేసింది. చచ్చాయి. ఆకు మానేసింది. చచ్చాయి. శుక్రవారం పెద్దమ్మ ఇల్లంతా సాంబ్రాణి పొగ పట్టిస్తే తొట్టి మీద దుప్పటి కప్పింది.

“దానికి చలి పెడతాందా పాపా?” అంది సుంకులమ్మ.

“పొగ… వాటికి పడదేమోనని.”

“దేవుని పొగ పడకపోతే ఇంకేం పడతాది?”

“పెద్దమ్మా, మెతుకులేమన్నా వేసినావా తొట్టిలో?”

“నేనెందుకు వేస్తా? వాడు వద్దనె కదా.”

పెద్దమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. ఇంక అడగడానికి మిగిలింది షాహిద్ ఒక్కడే. అంగడి దాకా వచ్చి భారతి గడప దగ్గరే ఆగింది. ఆర్షియా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. షాహిద్ గాజు డబ్బాల మధ్య పైపుతో నీళ్ళు తోడుతున్నాడు.

“మందేమన్నా వేసినావా మా? చేపలకు వేసే మందు?”

భారతి తల అడ్డంగా ఊపింది.

“దాంట్లో రాగి ఉంటాది. చేప తట్టుకుంటాది, రొయ్య తట్టుకోదు. నత్త కూడా పోయిందంటాండావే, అదే అనుమానం నాకు. దోమల మందు కొట్టినారా?”

మళ్ళీ తల ఊపింది. లేదు.

“అయితే నాకూ తెలియడం లే. ఉదయ్‌ను అడుగు. లేదంటే మిగిలినవి నా దగ్గరికి పట్టుకురా, చూస్తా.”

పట్టుకురా అనే మాట విన్నాక భారతి ఇంకేం అడగలేదు. ఇంటికొచ్చి గుడ్ల రొయ్యను వెతికింది. నాచు వెనక ఉంది. ఉంది, చాలు.

ఊళ్ళో మందలో జీవాలు వరసగా పడిపోతే వాళ్ళ నాయన మొదట అడిగే మాట ఒకటే: యాడ నీళ్ళు తాగినాయి? భారతికి అది గుర్తొచ్చి బక్కెట్లో నీళ్ళు వాసన చూసింది. బోరు నీళ్ళ వాసనే. తొట్టిలో నీళ్ళు వాసన చూసింది. నాచు వాసనే. అప్పుడు గాజు మీద ఒక సంగతి కనపడింది, కాదు, ఒకటి కనపడలేదు.

ఎండాకాలంలో నాయన మందను జమ్మలమడుగు దాటించి మైలవరం రిజర్వాయరు అంచుకు తోలుకుపోయేవాడు. నీళ్ళు తగ్గేకొద్దీ గట్టు మీద తెల్లటి గీతలు మెట్లు మెట్లుగా మిగిలేవి. ఏ వారం నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో ఆ గీతలే చెప్పేవి. మొదటి నెలలో తొట్టి గాజు మీద కూడా అట్లాంటి గీతలే పడేవి. ప్రొద్దుటూరు ఎండకు నీళ్ళు రోజూ కొంచెం ఆరిపోయేవి, గీత కిందికి దిగేది, ఆమె మగ్గుతో పోస్తే మళ్ళీ పైకి ఎక్కేది. ఇప్పుడు గీత కిందికి దిగడం లేదు. తను మగ్గు ముట్టి ఎన్నాళ్ళయింది? పోయకపోతే తగ్గాలి కదా. వానలు పడ్డాయి, గాలిలో తడి ఉంది, అందుకేనేమో అనుకుంది. మరి బక్కెట్లో నీళ్ళు తగ్గుతున్నాయే. ఒకే గది, ఒకే గాలి. నీళ్ళు వాటంతట అవే ఊరే తొట్టి ఎక్కడైనా ఉంటుందా? తలకు పట్టలేదు.

ఆ వారమే అమ్మకు జ్వరమని కబురొస్తే భారతి ఊరికి పోయింది. పోయేముందు తొట్టిలో ఏదీ ముట్టుకోలేదు. తను లేనప్పుడు చావడం ఆగితే తప్పు తనదేనని, తన చెయ్యి మంచిది కాదని తేలిపోతుందనుకుంది. రెండో రోజు సాయంత్రం ఫోను చేస్తే పెద్దమ్మ, “ఇంకొకటి పడిపోయింది పాపా,” అంది. బాధపడాలో ఊపిరి పీల్చుకోవాలో భారతికి తెలియలేదు. తన చెయ్యి కాదు. మరి ఎవరిది?

అమ్మకు జ్వరం తగ్గింది. సోమవారం కాలేజీకి అందుకోవాలని భారతి పులివెందులలో మొదటి బస్సు ఎక్కింది. ప్రొద్దుటూరులో దిగి నడుచుకుంటూ వచ్చేసరికి ఇంటి తలుపు తీసే ఉంది. చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి అడుగు పెట్టబోయి ఆగింది.

పెద్దమ్మ తలస్నానం చేసి, తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని, తొట్టి ముందు నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతోంది. చేతిలో చెంబు. ఆ చెంబును వంచి, చుక్క చుక్కగా, ఎంత భక్తిగా పోస్తోందంటే, నీళ్ళు నీళ్ళలో పడిన చప్పుడు కూడా రాలేదు. చెంబు రాగిది. వంటింటి గడప అవతల, అది ముంచిన బిందె కూడా రాగిదే. చింతపండు వేసి తోమి తోమి, కొత్త పెళ్ళికూతురిలా ఎర్రగా మెరుస్తోంది.

దాంట్లో రాగి ఉంటాది. రొయ్య తట్టుకోదు.

భారతి చెప్పులు మళ్ళీ తొడుక్కుని మూడడుగులు వెనక్కి వేసి, అప్పుడే వచ్చినట్టు చప్పుడు చేసింది.

ఆ రోజు కాలేజీలో చెప్పిన పాఠం ఒక్కటీ చెవికెక్కలేదు. తను చూడనప్పుడు పెద్దమ్మ రోజూ ఇట్లాగే పోస్తోందన్నమాట, గాజు మీద గీత దిగనిది అందుకే. ఆ బిందె నీళ్ళే తనకు గ్లాసులో పోసి ఇస్తుంది పెద్దమ్మ. మంచినీళ్ళ ప్లాంటునుంచి క్యాను తెప్పించి, ఆ నీళ్ళను రాత్రంతా రాగిబిందెలో పెట్టి, పొద్దున దేవుని దగ్గర ఒక చెంబు పెట్టాకే ఇంట్లోవాళ్ళకు. ఇంట్లో అంతకంటే మంచి నీళ్ళు లేవు. కొడుకు ఎదురుగా లేడు, కొడుకు తెచ్చిన జీవాలు ఉన్నాయి. వాటికి మంచివి పోసింది. దీన్ని తప్పని ఎట్లా చెప్పాలి? చెప్పకపోతే గుడ్లదాని గతి ఏమిటి?

“నువ్వొచ్చి చెప్పవా మా పెద్దమ్మకు?” అని ఆర్షియాను బతిమాలింది.

“నేనా? మీ ఇంటి బిందె బాగలేదని నేనొచ్చి చెప్తే, నన్ను ఆ బిందెతోనే కొడతాది మీ పెద్దమ్మ. నీ ఇంటి మాట నువ్వే చెప్పుకో.”

సాయంత్రం వచ్చి చూస్తే గుడ్ల రొయ్య నాచులో లేదు. ఇసుక మీద, పక్కకు కొంచెం ఒరిగి, కాళ్ళు మాత్రం ఆడిస్తోంది. గుడ్లు ఇంకా ఉన్నాయి. భారతికి ఇంక ఆలోచన సాగలేదు. మగ్గు తెచ్చి తొట్టిలో నీళ్ళు తోడి పెరట్లో పోయడం మొదలుపెట్టింది. సగానికి వచ్చాక బక్కెట్లో నిలవ పెట్టిన బోరు నీళ్ళు గాజు వెంట మెల్లగా జార్చుతుంటే వెనకనుంచి గొంతు వినపడింది.

“ఏం చేస్తాండావు పాపా?”

“నీళ్ళు మారుస్తాండా.”

“బంగారం మాదిరి నీళ్ళు పారబోసి ఆ ఉప్పు నీళ్ళు పోస్తాండావా? మనం నోట్లో పోసుకోని నీళ్ళు నోరులేని జీవాలకు పోస్తారా ఎవురన్నా?”

“నీ నీళ్ళకే చస్తాండాయి పెద్దమ్మా.”

సుంకులమ్మ కొంగు నడుముకు దోపింది.

“నా నీళ్ళకా?”

“రాగి పడదంట వాటికి. షాహిదన్న చెప్పినాడు. బిందెలో ఉంటే నీళ్ళలోకి దిగుతాది కదా.”

“అవే నీళ్ళు నువ్వు తాగతాండావు. నువ్వు చచ్చినావా? మీ పెదనాయన బాటిల్లో పట్టుకపోతాడు. లారీ తోలతాండాడా లేదా?”

సుంకులమ్మ దగ్గరికొచ్చి భారతి గడ్డం పట్టుకుని పైకెత్తింది.

“నోరు తెరువు. తెరువు మే. ఈ చారలు ఎవురు గీసినారు? మనూరి బోరు నీళ్ళు కాదా? ఇదిగో, నా పళ్ళు చూడు. నేనూ ఆడ పుట్టినదాన్నే. ఈడికి కాపురానికొచ్చినాక మా అత్త నన్ను పది మందిలో నవ్వొద్దనింది. అప్పటినుంచి బోరు నీళ్ళ మీద నమ్మకం లేకనే నేను రాగిలో పోసి పెడతాండేది. మావాడు ఇష్టపడి తెచ్చుకున్న జీవాలని, మంచివి పోసినా. ఇప్పుడు నేను చంపినట్టా?”

భారతి పెద్దమ్మ పళ్ళవైపు చూసింది. ఇన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఎప్పుడూ చూడలేదు. పెద్దమ్మ కూడా పెదవులు బిగించి నవ్వే మనిషని ఇప్పుడు తోచింది.

“నాకూ తెలియడం లే పెద్దమ్మా. మనకు మంచివి వాటికి చెడ్డవంట. మనల్ని చెడగొట్టినట్లాంటి బోరు నీళ్ళలో అవి బాగుంటాయంట. ఎట్లనో నాకు అర్థం కాలే. నువ్వు చంపల్యా. కానీ ఇంక పోయొద్దు. అది గుడ్లతో ఉంది.”

ఆ ఇంట్లో ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. ఒక చేతిలో మగ్గు ఉంది, ఇంకొక చెయ్యి తడిగా ఉంది.

సుంకులమ్మ వంటింట్లోకి పోయింది. రాత్రి అన్నం పెట్టింది, పప్పు వేసింది, నెయ్యి కూడా వేసింది. మాట మాత్రం లేదు. భారతి తలవంచుకుని తిన్నది. చెప్పడం మంచిదయిందో కాదో తేల్చుకోలేకపోయింది.

పొద్దున లేచేసరికి పెద్దమ్మ తడిజుట్టుతో, రాగిచెంబుతో తొట్టి ముందు నిలబడి ఉంది. సుంకులమ్మ చెంబువైపు చూసింది, తొట్టివైపు చూసింది. ఏం చేయాలో ఆమెకూ పాలుపోనట్టుంది. పోయడానికి తెచ్చిన నీళ్ళు, దేవుని ముందు పెట్టి తెచ్చినవి, ఎక్కడ పారబోస్తుంది? చివరికి చెంబు ఎత్తి, గటగటా తానే తాగేసింది. మూతి తుడుచుకుని భారతివైపు తిరిగింది.

“నాకేం కాలే, చూడు.”

“ఊఁ.”

“ఆ మగ్గు ఇట్లియ్యి. ఏ బక్కెట్లోవి పోయల్ల?”

బోరు నీళ్ళు పోసేటప్పుడు కూడా కళ్ళు మూసుకుని అదే గొణిగింది.

భారతి రోజూ కొంచెం కొంచెంగా నీళ్ళు మార్చింది. ఒకటి చచ్చింది. మళ్ళీ ఒకటి. తర్వాత ఆగింది. గుడ్ల రొయ్య లేచి నాచులోకి పోయింది. గాజు మీద తెల్లగీత మళ్ళీ కిందికి దిగడం మొదలైంది. ఆదివారం ఉదయ్ ఫోను చేస్తే సుంకులమ్మే ఎత్తింది. భారతి పక్కనే నిలబడి గోళ్ళు గిల్లుకుంటోంది.

“ఎట్లుండాయి మా?”

“కొన్ని పోయినాయి. నేను పోసిన నీళ్ళు పడల్యా వాటికి.”

“నువ్వు నీళ్ళు పోసినావా? ఎందుకు పోస్తివి మా? ఇంక వద్దులే, పాపకు కూడా కష్టం. షాహిద్‌కు చెప్తా, వచ్చి తీసుకపోతాడు.”

“ఎవురూ యాడికీ తీసుకపోరు,” అంది సుంకులమ్మ. “ఈడ చూసేవాళ్ళు ఇద్దరుండారు. నువ్వు నీ చదువు చూసుకో.” ఫోను పెట్టేసి, ఏమీ జరగనట్టు చింతపండు నానబెట్టడానికి పోయింది.

దసరా ఇంకా రాలేదు. ఒక సాయంత్రం భారతి వచ్చి చూస్తే గుడ్ల రొయ్య కడుపు కింద గుడ్లు లేవు. ఒక్కటీ లేదు. పొదిగాయా, రాలిపోయాయా, అదే తినేసిందా? ఇసుకంతా వెతికింది. కుబుసం ఒకటి తప్ప ఏమీ కనపడలేదు. మళ్ళీ మొదటికొచ్చినట్టయింది. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తెలియక అట్లాగే సంచి భుజాన వేసుకుని కూర్చుంది. సుంకులమ్మ వచ్చి పక్కన చతికిలబడి, కొంగుతో గాజు తుడవబోయింది.

“ఈ అద్దం ఎప్పుడు తుడిచినావు? నలుసులు అంటుకోని ఉండాయి చూడు. ఎంత తుడిచినా పోవు.”

“లోపలేమో పెద్దమ్మా.”

“లోపల నలుసులెట్ల వస్తాయి?”

ఒక నలుసు వెనక్కి గెంతింది.

ఇద్దరూ ముందుకు వంగారు. కంటికి ఆనీ ఆననంత చిన్న ప్రాణం, గాజులాగే ఉంది, దానికి మీసాలు కూడా ఉన్నాయి. దాని పక్కన ఇంకొకటి. నాచు కొస మీద ఇంకొన్ని.

“ఎన్నుండాయి మే?” అంది సుంకులమ్మ గొంతు తగ్గించి, గట్టిగా అంటే పారిపోతాయన్నట్టు.

భారతి జతలు జతలుగా మొదలుపెట్టింది. ఒక జత లెక్కపెట్టేసరికి ముందరి జత ఎక్కడికో పోయింది.

“తెలియడం లే పెద్దమ్మా,” అని నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వింది. ఎదురుగా గాజులో రెండు వరసల చారల పళ్ళు కనపడ్డాయి, వాటి మధ్యలోంచి ఒక నలుసు తాపీగా నడుచుకుంటూ పోయింది. అది లెక్కలోకి వచ్చిందో లేదో గుర్తులేక, భారతి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.